బాయిలర్ నీళ్లు తాగిన ఇంజన్ హెడ్డు

ఇంజన్లను పాడుచేసేది నిర్లక్ష్యం అని మీకెవరైనా చెబితే నమ్మకండి. నిర్లక్ష్యంతో పాడైన ఇంజన్‌తో నాకెప్పుడూ పేచీ లేదు. నీళ్లు పోయడం మరిచినవాడు, ఆయిల్ చూడనివాడు, ముందు నుంచి పొగ లేస్తున్నా తొక్కుకుంటూ వచ్చినవాడు, వీళ్లందరినీ నాలుగు తిట్టి, పని చేసి పంపించేవాడిని. వాళ్లు కూడా తలవంచుకుని తిట్లు తినేవాళ్లు. నా ప్రాణం తీసింది జాగ్రత్తపరులు. ఇంజన్‌ను కన్నబిడ్డలా చూసుకునేవాళ్లు. వాళ్లను ఏమని తిట్టాలో నాకు చివరిదాకా తెలియలేదు.

మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు కొందరు ఈమధ్య నా దగ్గర కూర్చుని, 'మీ సర్వీసులో బాగా కష్టమైన పని ఏది?' అని అడిగారు. పెద్ద లారీల ఇంజన్ల సంగతేదో చెబుతానని వాళ్ల ఆశ. నాకు గుర్తొచ్చింది ఒక చిన్న టెంపో. దాని హెడ్డు నా చేతుల్లో రెండుసార్లు బతికింది. మూడోసారి ఏమైందో ఇప్పుడు రాస్తున్నాను. రాస్తుంటేనే నాకు బీపీ పెరుగుతోంది.

మావైపు నుంచి సూరత్ వచ్చిన అందరిలాగే నేనూ సాంచాలు నడపడానికే వచ్చాను. మరమగ్గాలను మేం అలాగే అంటాం. నాకు ఆ పని అచ్చిరాలేదు. ఉధ్నాలో ఒక గుజరాతీ శేఠ్ నడిపే ఇంజన్ల షాపులో కుదురుకుని, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. నీళ్లు తినేసిన అల్యూమినియం పోత సామాన్లను బాగుచేయడం నా పని. ఇంజన్ నెత్తిమీద కూర్చునేది హెడ్డు. దాని కింద నిప్పు మండుతుంది, దాని కడుపులో నీళ్లు తిరుగుతాయి. నీళ్లు మంచివి కాకపోతే ఆ దారుల అంచులు చెదపట్టిన చెక్కలా గుల్లబారతాయి. అప్పుడు నీళ్లు నిప్పులోకి పోతాయి, ఇంజన్ ఉడికిపోతుంది. గుల్లబారిన మేర చెక్కేసి, ఆర్గాన్ వెల్డింగ్‌తో కొత్త లోహం నింపి, అరగదీసి, మళ్లీ అద్దంలా చదును చేయాలి. చెప్పడానికి ఇంతే.

ఆ టెంపో అతను ఒకరోజు పొద్దున్నే హెడ్డును గోనెసంచిలో చుట్టి ఆటోలో తెచ్చాడు. జగిత్యాల దిక్కు మనిషి. మాట వినగానే మనవాడని తెలిసింది, ఎందుకంటే వీధి చివరికి వినిపించేలా మాట్లాడాడు. ఏళ్ల తరబడి సాంచాల చప్పుడులో పనిచేసి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిచెవి సగం మిగిలింది. ఇంకా అదే పనిలో ఉంటే అదీ పోతుందని డాక్టర్ చెప్పాడట. అందుకని భార్యాభర్తలు చిట్టీ ఎత్తి పాత టెంపో కొన్నారు. దారం చుట్టిన బీములను పాండేసర నుంచి ఉధ్నాలోని కార్ఖానాలకు చేరవేయడం అతని పని.

"అన్నా, ఇది నడువకుంటె మల్ల సాంచాల మీదికే పోవాలె. పోతె ఈ చెవ్వు గూడ పోతది. మా బిడ్డ మాట్లాడితె ఇనవడాలె గదనే. జర సూడు" అన్నాడు.

చూశాను. నీటిదారుల చుట్టూ అంచులు తినేసి ఉన్నాయి. కొత్త హెడ్డు కొనుక్కొమ్మందామంటే ఆ మోడల్ బండ్లు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. పాత సామాన్ల బజారులో దొరికేవన్నీ దీనికంటే అధ్వాన్నం. సరే, చెక్కాను, నింపాను, చదును చేశాను. ఇచ్చేటప్పుడు, అతని కుడిచెవి దగ్గర నోరు పెట్టి, అరిచి మరీ చెప్పాను. బోరునీళ్లు పోయొద్దు, లోపల సున్నం పెచ్చు కడుతుంది, కూలెంట్ పోసుకో అన్నాను. దారిలో కూలెంట్ దొరక్కపోతే ఎట్లా అని అడిగాడు. పెచ్చు కట్టని నీళ్లు చూసుకుని పోసుకో అన్నాను.

"నా బిడ్డ మీదొట్టన్నా, బోరు నీళ్ల చుక్క పడనియ్య" అన్నాడు. ఆ మాట తప్పలేదు. వచ్చిన గోలంతా అక్కడే.

ఎండాకాలం దాటకముందే మళ్లీ వచ్చాడు. అదే గోనెసంచి. సంచి విప్పి చూస్తే నా కళ్లు తిరిగాయి. నేను వేసిన వెల్డింగ్ చుట్టూ, మొదట బాగున్న చోట కూడా లోహం పొడిపొడిగా రాలుతోంది. బోరునీళ్లతో ఇలా కాదు. నిమ్మకాయల రసంలో నానబెట్టినా ఇంత తొందరగా ఇలా కాదు.

"ఏం నీళ్లు పోసినవ్?" అన్నాను.

"మంచియే పోసినన్నా."

"మంచియి అంటే ఏంది? ఎక్కడియి?"

"సూరత్‌ల గంతకన్న మంచి నీళ్లు లెవ్వు" అన్నాడు గర్వంగా. ఆ గర్వం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ నీళ్లు ఎక్కడివో మర్నాడు అతని బామ్మర్ది వచ్చి చెప్పాడు. బామ్మర్ది పాండేసరలో ఒక అద్దకం మిల్లులో బాయిలర్ దగ్గర పనివాడు. మంచి పిల్లవాడు. బావ అంటే ప్రాణం. బావ టెంపోకు పెచ్చు కట్టని నీళ్లు కావాలని వినగానే అతనికి తట్టిన మొదటి సంగతి తన బాయిలర్. ఏళ్లుగా మండుతున్న బాయిలర్ లోపల గోరుమందం పెచ్చు కూడా ఉండదు. ఎందుకంటే దానిలోకి పోయే నీళ్లను రోజూ పరీక్షించి, మందు కలిపి పంపుతారు. రోజూ డ్యూటీ దిగేటప్పుడు ఒక క్యాన్ నింపి బావ ఇంట్లో దించేవాడు. మా షాపుకు కూడా ఒక క్యాన్ తెచ్చాడు. నేను నమ్మనని తెలిసి సాక్ష్యం పట్టుకొచ్చాడన్నమాట.

"ఇగో సూడన్నా, ఎంత తేటగున్నయో. మా సాహెబ్ రోజు సీసల పట్టి సూత్తడు. ఇండ్ల ఉప్పు లేదు, సున్నం లేదు" అన్నాడు.

రెండు చుక్కలు వేళ్ల మీద వేసుకుని రుద్దాను. సబ్బునీళ్లలా జారాయి. నాకప్పుడు అర్థమైంది. ఇనుప బాయిలర్‌కు ఆ మందు అమృతం. అల్యూమినియానికి విషం. బావను కాపాడాలని రోజూ క్యాన్ నిండా విషం మోసుకొచ్చాడు పిల్లవాడు, బస్సు ఎక్కనివ్వకపోతే భుజాన పెట్టుకుని నడిచి మరీ.

"అరే, మీ బాయిలర్ ఇనుముది. ఇది అల్మినం. అండ్ల కలిపే మందు ఇనుముకు మంచిది, దీన్ని తింటది. సమజైందా?"

"మా సాహెబ్ సూసే కలుపుతడన్నా."

"మీ సాహెబ్ బాయిలర్ కోసం కలుపుతడు. మీ బావ టెంపో కోసం కలుపుతడా?"

తల గోక్కున్నాడు. నీళ్లలో ఏదో తేడా ఉందని ఒప్పుకున్నాడు గాని, పూర్తిగా కాదు. క్యాన్‌ను మాత్రం షాపులో వదిలేసి వెళ్లాడు, తాగడానికి పనికొస్తాయని. కాలువలో పారబోసి వచ్చేసరికి శేఠ్ నవ్వుతున్నాడు.

నవ్వు అయ్యాక శేఠ్ హెడ్డును కాలితో కదిపి, "ఫేంకీ దే, భాయ్. భంగార్ ఛే" అన్నాడు. పారేయమని, పాతసామానుకు తప్ప దేనికీ పనికిరాదని. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను కూడా అదే అనేవాడిని. కాని అవతల పరిస్థితి వేరుగా ఉంది. బీముల పని ఇచ్చే కార్ఖానావాళ్లు వచ్చే వారం మొదటిరోజు దాకా ఆగుతామన్నారు. అప్పటికీ టెంపో రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. అతను ఇదివరకు పనిచేసిన సాంచాల మాస్టర్ ఇదంతా విని, మగ్గం ఖాళీగానే ఉంది రమ్మని అప్పుడే కబురంపాడు. మంచితనంతోనే అంపాడు. ఈ కథలో చెడ్డవాడెవడూ లేడు, ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

పని మొదలుపెట్టాను. ఇలాంటి కుళ్లిన పోతసామానుతో వెల్డింగ్ చేయడం ఎలా ఉంటుందో చేసినవాడికే తెలుసు. పైకి తెల్లగా కనిపిస్తుంది. మంట తగలగానే లోపల దాక్కున్న మురికి నల్లగా బుసకొట్టి పైకొస్తుంది. వేసిన లోహం ముద్ద కట్టి పక్కకు దొర్లుతుంది. మళ్లీ చెక్కు, మళ్లీ వేడిచెయ్యి, మళ్లీ వెయ్యి. మంచి లోహం తగిలేదాకా చెక్కుతూ పోతే వేలు దూరే చిల్లు కాస్తా పిడికిలి దూరేలా అయింది. నేను దాన్ని తెలుగులో తిట్టాను, హిందీలో తిట్టాను, గుజరాతీలో నాకొచ్చిన రెండు తిట్లూ వాడేశాను. శేఠ్ అటువైపు రావడం మానేశాడు.

అతని భార్య మధ్యాహ్నం మొగుడికి సద్ది తెచ్చింది. చీరలకు రాళ్లు అతికించే పని ఇంటి దగ్గరే చేస్తుంది ఆమె. వేళ్లకు జిగురు ఎండిపోయి ఉంది. కాసేపు ఆయిల్ డబ్బా మీద కూర్చుని నా తిట్లన్నీ ఓపిగ్గా విన్నది.

"అన్నా, అయితదా కాదా, ఒక్క మాట జెప్పు" అంది.

"అయితదో కాదో నాకే తెల్వదమ్మా."

"కాకుంటె కాదని జెప్పు. ఆయనకు జెప్పకు, నాకు జెప్పు. సాంచాల మీదికి పోతనని ఇప్పటికే అంటుండు. ఆ దునియల చెవ్వు ఒక్కటే పోదన్నా. ఇంటికొచ్చినంక మాతోని మాట్లాడుడే బంద్ జేసిండు ఇంతకు ముందు. ఇనవడకుంటె మనిషికి సిగ్గయితది. అడుగుడు మానేత్తడు."

నేను వెల్డింగ్ ముసుగు దించుకుని పనిలో పడ్డాను.

రెండు పూటలు అలా సాగాక లోహం మాట వినడం మొదలుపెట్టింది. ఎందుకు విన్నదో నేను చెప్పలేను. ఒకచోట పట్టింది, ఆ పట్టును పట్టుకుని పక్కకు, ఆ పక్కకు అల్లుకుంటూ పోయాను. నింపిన హెడ్డును ఇసుకలో కప్పి నిదానంగా చల్లార్చాను. తొందరపడితే పగులుతుంది. చదును చేశాక నీటిదారులన్నీ మూసి, లోపలికి గాలి కొట్టి, వేడినీళ్ల తొట్టిలో ముంచాం. లీకు ఉంటే బుడగ వస్తుంది. శేఠ్, నేను, టెంపో అతను, ముగ్గురం తొట్టి మీదికి వంగి నీళ్లలోకి చూస్తున్నాం. ఒక్క బుడగ రాలేదు. శేఠ్ నా వీపు మీద చరిచి చాయ్ తెప్పించాడు. ఆయన చాయ్ తెప్పించడం పండగతో సమానం.

మర్నాడు మా వీధికి కరెంటు సెలవు. బిగించే మెకానిక్ ఎలాగూ పాండేసరలో అతని ఇంటి పక్కనే ఉన్నాడు కాబట్టి హెడ్డును ఇంటికి పట్టుకెళ్లమన్నాను. బిగించే ముందు శుభ్రమైన గుడ్డతో తుడవండి, ఇసుక రేణువు కూడా ఉండొద్దు అన్నాను. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని ఆటో ఎక్కాడు. ఆ రాత్రి నాకు సుఖంగా నిద్ర పట్టింది. పట్టిన నిద్రను తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలి.

కరెంటు సెలవైనా షాపులో సర్దుకునే పని ఉండి పొద్దున్నే వెళ్లాను. కాసేపటికి ఆటో వచ్చి ఆగింది. ముందు టెంపో అతను దిగాడు, వెనక అతని భార్య, ఆ వెనక బామ్మర్ది. బామ్మర్ది చేతుల్లో కొత్త టర్కీ టవల్, టవల్‌లో హెడ్డు. టవల్ విప్పి బల్ల మీద పెట్టాడు.

మొదట అది ఏమిటో నేను పోల్చుకోలేదు. బొగ్గులా నల్లగా ఉంది. నేను అద్దంలా చదును చేసిన ముఖమంతా అమ్మవారు పోసినట్టు గుంటలు. పలచని అంచులు అసలు లేనే లేవు. వేలితో ఒత్తితే నల్లటి పొడి అంటుకుంది.

"ఏంజేసినవురా దీన్ని?" అన్నాను.

"కడిగినన్నా" అన్నాడు బామ్మర్ది.

తన నీళ్ల వల్లే బావ హెడ్డు పాడైందన్న బాధ అతన్ని తినేస్తోంది. శుభ్రంగా తుడవాలని నేను చెప్పిన మాట అక్కతో బావ అంటుంటే విన్నాడు. గుడ్డతో తుడిస్తే ఏం పోతుంది, తన వల్ల అయిన తప్పును తనే దిద్దుకోవాలనుకున్నాడు. ఆ రాత్రి డ్యూటీకి వెళ్తూ దాన్ని మిల్లుకు పట్టుకెళ్లాడు. అక్కడ రోలర్లు, పంపు సామాన్లు, చైన్లు, ఏది జిడ్డు పట్టినా వేడి కాస్టిక్ సోడా తొట్టిలో వేస్తారు. కొత్తదానిలా తేలుతుంది. మిల్లు పుట్టినప్పటి నుంచి అదే పద్ధతి. అవన్నీ ఇనుప సామాన్లు. బాయిలర్ మందు మంచిది కాదని నేను చెప్పాను గాని, కాస్టిక్ గురించి చెప్పలేదు కదా. అతని లెక్కలో అవి రెండు వేరు వేరు డ్రమ్ముల్లోంచి వచ్చేవి.

"ఎయ్యంగనె బగ్గ నురుగొచ్చిందన్నా. బుడగలు బుడగలు ఒక్కతీరుగ లేసినయి. ఎంత మురికి పోతుందో అనుకున్న. మంచిగ పోనీ అని ఇంకింత సేపు ఉంచిన" అన్నాడు.

ఆ లేచిన బుడగలు నా వెల్డింగ్. నా రెండు రోజుల ఉసురు. ముందు రోజు ఒక్క బుడగ రాలేదని మేం ముగ్గురం చాయ్ తాగాం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, నా ఎదురుగా బల్ల మీద పెట్టి చూపించాడు.

అప్పుడు నేను ఎంత తిట్టానో రాయను. మీరు చిన్నవాళ్లు. శేఠ్ గల్లా దగ్గర నుంచి లేచొచ్చి, నా మొహం చూసి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. బామ్మర్ది తలవంచుకుని తిట్లన్నీ తిన్నాడు. 'నీకెవడు కడగమన్నడు, నీకెందుకంత ప్రేమ, నీ ప్రేమల మన్నువడ' అని కూడా అన్నాను. ఆ మాట అన్నాక నాకు తిట్లు అయిపోయాయి. టెంపో అతను మాత్రం బల్ల దగ్గర నిలబడి, బొటనవేలితో ఆ గుంటల మీద మెల్లగా రాస్తున్నాడు. నల్లటి పొడి అంటిన వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇగ అయితదా అన్నా?" అని అడిగాడు.

కాదని తలాడించాను. అరవాల్సిన పని లేకుండా అతనికి అర్థమైన మాట అదొక్కటే.

"సరేతీ. రేపు మాస్టర్‌ను కలుస్త" అన్నాడు. భార్య మొహం పక్కకు తిప్పుకుంది.

బామ్మర్ది తల దించుకునే ఏదో అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు. పక్కనే ఉన్న నాకు వినిపించింది. అతని అక్కకు వినిపించినట్టుంది, ఆమె గబుక్కున తమ్ముడి వైపు తిరిగింది. టెంపో అతనికి వినిపించలేదు. పెదవులు కదలడం చూసి, ఇదివరకు అలవాటైన ఆ సిగ్గు నవ్వొకటి నవ్వి, నా వైపు తిరిగాడు.

"ఏమంటుండన్నా వాడు?"

చెప్పక తప్పలేదు. పొద్దుటి నుంచి ఆ పిల్లవాడి మీద అరిచిన గొంతుతోనే అతని కుడిచెవి దగ్గర అరిచాను.

"నువ్వు సాంచాల మీదికి పోవద్దంటుండు! నీ జాగల వాడు పోతడంట! బాయిలర్ కాడ వాని పని నీకిప్పిస్తడంట! మనుషులను పెట్టే ఠేకేదారుతోని రాత్రే మాట్లాడి వచ్చిండంట!"

శేఠ్‌కు తెలుగు రాదు. అయినా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

టెంపో అతను బామ్మర్ది దగ్గరికి వెళ్లి, గడ్డం పట్టుకుని తల పైకెత్తాడు.

"ఎర్రోడా, మరి నీ చెవులు?"

"రెండు మంచిగనే ఉన్నయి గద బావా" అన్నాడు బామ్మర్ది. "గందుకే."

అదీ చిన్నగానే అన్నాడు. అతను మళ్లీ నా వైపు తిరిగి, ఏమన్నాడో చెప్పమన్నట్టు చూశాడు. నోరు తెరిచాను. కరెంటు లేదని తెలిసీ వెల్డింగ్ ముసుగు తీసుకుని మొహం మీదికి దించుకున్నాను. వాళ్లక్కే వెళ్లి మొగుడి చెవిలో చెప్పింది.